నీళ్లు తాగని ఇటుకతో వచ్చే చిక్కులు

కడుతుండగానే ఇటుక జారుతోంది

నాలుగో వరస పెట్టేసరికి కింది సందుల్లోంచి సిమెంటు నీళ్లు కారి ఇటుక ముఖం మీద బూడిదరంగు చారలు కడతాయి. వేలితో నెడితే ఇటుక పక్కకు జరుగుతుంది. పొద్దున తూకపు గుండు పట్టి సరిచూసిన గోడ మధ్యాహ్నానికి పొట్ట వేస్తుంది. మేస్త్రీని తిట్టే ముందు ఇటుక మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. మామూలు ఇటుక మీదైతే చూస్తుండగానే ఇంకిపోతాయి, ఇంజినీరింగ్ ఇటుక మీద పూసల్లా నిలబడతాయి.

మామూలు ఇటుక మాలులోని నీటిని లాగేసుకుంటుంది కాబట్టే త్వరగా పట్టుకుంటుంది. మరీ ఎక్కువ లాగకూడదనే దాన్ని ముందుగా తడుపుతారు. బాగా కాలి, లోపలి రంధ్రాలు దాదాపు మూసుకుపోయిన ఇంజినీరింగ్ ఇటుకకు ఆ దాహమే ఉండదు. దాన్ని కూడా అలవాటుకొద్దీ తొట్టిలో ముంచితే గోడ మాలు మీద తేలుతుంది. నా మొదటి గోడకు నేను చేసిన పని అదే!

ఇటుకలను పొడిగా వాడండి. వాన పడేలా ఉంటే గుట్టను కప్పి ఉంచండి. మాలులో నీళ్లు తగ్గించండి, తాపీ మీదికి తీసుకుని కాస్త వంచినా జారిపోకూడదు. ఇసుక కొంచెం గరుకుగా ఉంటే మేలు. ఒక్క రోజులో మీటరు ఎత్తు దాటవద్దు, చలి రోజుల్లో ఇంకా ముందే ఆపండి. సగం గట్టిపడ్డాక జరిగిన ఇటుకను సుత్తితో తట్టి సర్దడం మాత్రం వద్దు. ఒకసారి తెగిన పట్టు మళ్లీ అతకదు. ఇటుక తీసి, పాత మాలు గీకేసి, కొత్తది వేసి పెట్టాలి.

ఇంజినీరింగ్ ఇటుక వేసినా చెమ్మ ఎక్కుతోంది

ముందు గోడ పక్కన ఉన్న మట్టిని చూడండి. చెమ్మను ఆపాల్సిన వరసల కన్నా ఎత్తుగా మట్టి పోసినా, ప్లాస్టరు ఆ వరసల మీదుగా నేల దాకా దిగినా, చెమ్మ ఇటుకను చుట్టేసి పైకి పోతుంది. మట్టి తవ్వి దించండి, ప్లాస్టరును ఆ వరసల పైననే ఆపేయండి. రెండో అనుమానం మాలు మీద. బలహీనమైన మాలుతో కట్టిన ఒకే ఒక్క వరస చెమ్మకు అడ్డు కాదు. కనీసం రెండు వరసలు, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుకతో, సందులు పూర్తిగా నిండేలా కట్టాలి.

ఈ రెండూ సరిగానే ఉంటే ఇటుకనే అనుమానించాలి. పాత బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 3921 ప్రకారం ‘ఏ’ (A) తరగతి ఇంజినీరింగ్ ఇటుక చదరపు మిల్లీమీటరుకు 70 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి, నీటిని 4.5 శాతానికి మించి పీల్చకూడదు. ‘బీ’ (B) తరగతికి ఈ అంకెలు 50 న్యూటన్లు, 7 శాతం. చెమ్మ విషయంలో మీకు కావలసింది రెండో అంకె. బలం ఎంత ఉన్నా, పీల్చే ఇటుక పీలుస్తూనే ఉంటుంది. రంగు చూసి మోసపోకండి. నీలి ఇటుకలకు ఆ రంగు, ఇనుమున్న మట్టిని ఆక్సిజన్ తక్కువైన బట్టీలో కాల్చడం వల్ల వస్తుంది. ఎర్రవాటిలోనూ ‘ఏ’ (A) తరగతి ఇటుకలు ఉంటాయి.

ఇంట్లోనే ఒక అంచనా వేసుకోవచ్చు. బాగా ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. 2,800 గ్రాముల ఇటుక 2,920 గ్రాములైతే పీల్చింది 120 గ్రాములు, అంటే దాదాపు 4.3 శాతం. ప్రయోగశాలలో ఇటుకను ఉడకబెట్టి చూస్తే అంకె ఇంకొంచెం పెరుగుతుంది కాబట్టి, మీ లెక్క హద్దుకు దగ్గరగా వస్తే సరుకు అమ్మినవారిని పరీక్ష పత్రం అడగండి.

తెల్లటి పొడి

లవణాలు. తరచూ ఇవి మాలులోంచో మట్టిలోంచో వస్తాయి. పొడి బ్రష్షుతో దులిపేయండి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతాయి. యాసిడ్ జోలికి తొందరపడి వెళ్లకండి.

ప్లాస్టరు పెచ్చులుగా ఊడుతోంది

నున్నటి ముఖం, పీల్పు లేదు, ఇక పట్టు ఎక్కడిది? ఊడినది పూర్తిగా తీసేసి, సిమెంటు, గరుకు ఇసుక పలచగా కలిపి గోడ మీద చిమ్మండి. ఆ గరుకు గట్టిపడ్డాక ప్లాస్టరు వేయండి. అయినా ప్లాస్టరు చేయాల్సిన గోడకు ఈ ఖరీదైన ఇటుక ఎందుకని నాకెప్పుడూ సందేహమే. మ్యాన్‌హోలు, మట్టిని ఆపే గోడ, నేలకు ఆనుకున్న వరసలు, ఇవీ దీని చోట్లు.

ఇటుక చెక్కుచెదరలేదు, గోడకు మాత్రం నిలువు బీట

బట్టీలోంచి వచ్చిన మట్టి ఇటుక గాలిలోని తేమతో కాలక్రమంలో కొద్దిగా పెరుగుతుంది. ఎండకు, చలికి కదలిక ఉండనే ఉంది. గట్టి మాలుతో కట్టిన పొడవైన గోడకు ఆ కదలికను సర్దుకునే చోటు ఉండదు. 10 నుంచి 12 మీటర్లకొకసారి నిలువు సందు వదిలి, అందులో మెత్తగా నొక్కుకుపోయే పదార్థం నింపాలి. విడిగా నిలబడే ప్రహరీలకు ఇంకా దగ్గరగా కావాలి. బీట పడ్డాక దాన్ని సిమెంటుతో పూడ్చితే పక్కన మరొకటి పుడుతుంది. అక్కడే రంపంతో నిలువు సందు కోయించి మెత్తటి సీలెంటుతో మూయించండి.