తెలుగు, తమిళం, కన్నడం: ఒకే కీబోర్డు మీద

తిరుపతి, చిత్తూరు వైపు డీటీపీ షాపులోనో లాడ్జి కౌంటర్లోనో కూర్చునేవాళ్లకి తెలుగొక్కటే వస్తే సరిపోదు. చిన్న నోటీసు అంటించాలన్నా తమిళం, కన్నడం కావాల్సిందే. అలాగని మూడు సాఫ్ట్‌వేర్లు వేసుకోనక్కర్లేదు, అన్నీ విండోస్‌లోనే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి ఆ భాషలు చేర్చి, కీబోర్డు దగ్గర ఇన్‌స్క్రిప్ట్ (మన భాషలన్నిటికీ ఒకేలా ఉండే కీల అమరిక) పెట్టుకోండి.

ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టే ఫొనెటిక్ తేలిక కదా అంటారు. ఒక్క తెలుగుకైతే నిజమే. కానీ ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక అక్షరానికి మన లిపులన్నిటిలోనూ ఒకటే కీ. ‘తిరుపతి’ అని కొట్టాలంటే ఎల్, ఎఫ్, జె, జి, హెచ్, ఎల్, ఎఫ్. కన్నడానికి మారి ఇవే నొక్కండి, అదే పేరు కన్నడంలో పడుతుంది. తమిళంలో ‘తిరుప్పతి’ అని రాస్తారు కాబట్టి హెచ్ తర్వాత పొల్లు కోసం డి, మళ్లీ హెచ్. అంతే తేడా. మొదట్లో వేళ్లు తడబడతాయి, కాదనను.

భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కుతాం. నాలుగు భాషలుంటే అది చిరాకు. కావాల్సింది దాటిపోతే మళ్లీ ఒక చుట్టు తిరగాలి. అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్’ తెరిచి ఇంగ్లీషుకి కంట్రోల్ షిఫ్ట్ 1, తెలుగుకి 2, తమిళానికి 3 అని కట్టేయండి. ఒక్కో యాప్ విండోకి వేరే ఇన్‌పుట్ వాడుకునే టిక్కు కూడా అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే ఉంది. అది పెడితే వర్డ్‌లో తమిళం, బ్రౌజర్లో ఇంగ్లీషు, దేని దారి దానిదే.

డీటీపీలో వాడే పాత అను ఫాంట్ల ఫైళ్లలో మాత్రం ఇది పనిచేయదు. అవి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకటే కోడ్ ఉండే పద్ధతి) కావు, ముందు మార్చుకోవాలి.