ఊరి చెరువులో నాటు చేపలను నిలుపుకోవడం ఎలా

పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల కాలపు పెద్ద చెరువుల నుంచి పది ఎకరాల ఊరి కుంట వరకు, మన ఓరుగల్లు ప్రాంతంలో చెరువు ఉన్న ప్రతిచోటా చేప ఉంది. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను పంపిణీ చేస్తూ వచ్చింది కాబట్టి బొచ్చె, రవ్వ, మ్రిగాల చేపలకు కరువు లేదన్న ధీమా చాలా ఊళ్లలో ఏర్పడింది. ఈ మూడు జాతులూ పారే నీటిలో గుడ్లు పెట్టేవి కావడంతో నిలువ నీటి చెరువులో వాటి సంతతి పెరగదు, అందుకే ప్రతి ఏడాదీ కొత్తగా పిల్లలను పోయవలసి వస్తుంది. కొర్రమట్ట, జెల్ల, మార్పు (మన నాటు క్యాట్‌ఫిష్), పరక వంటి నాటు చేపలు మాత్రం మనం తల్లి చేపలను మిగిల్చి, ఎండాకాలంలో గుక్కెడు నీళ్లు, తొలకరిలో కొంత వ్యవధి ఇస్తే తమ సంతతిని తామే పెంచుకుంటాయి. ఆ అవకాశం ఎలా కల్పించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పని రోహిణి కార్తెకు ముందే మొదలుకావాలి. ఒక ఎండాకాలం మా చెరువులో మిగిలిన చివరి మడుగును మోటార్లు పెట్టి తోడేసి, బురదలో చేతులు పెట్టి కొర్రమట్టలను ఏరుకున్నారు. ఈ చేప ఒళ్లు తడి ఆరకుండా ఉంటే బురదలో దాక్కొని కూడా బతకగలదు, గాలి పీల్చగలదు. అంత గట్టి ప్రాణాన్ని కూడా మేము వదలలేదు. ఆ తరువాత రెండు వానకాలాలు మా వలల్లో కొర్రమట్ట కాదు కదా, పరక కూడా సరిగ్గా పడలేదు. కాబట్టి మొదట చేయవలసింది, తూముకు దగ్గరలో చెరువు అన్నింటికన్నా లోతుగా ఉన్న చోట, వీలైతే ఒకటి రెండు గుంటల విస్తీర్ణంలో, ఎండాకాలంలో కూడా ఆరడుగుల నీరు నిలిచేలా ఒక మడుగును వదలడం. అందులో తుమ్మ కొమ్మలను ముళ్లతో సహా దించితే లాగుడు వల సాగదు, కొంగలకు చేప అందదు, చేపకు నీడ కూడా దొరుకుతుంది. ఆ మడుగులో ఎవరూ వల వేయరాదని మత్స్య సహకార సంఘం, గ్రామ పంచాయతీ కలిసి తీర్మానం రాసుకోవాలి, ఎందుకంటే నోటి మాట మృగశిర కార్తె చేపల గిరాకీ ముందు నిలవదు.

పూడిక తీయించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. జేసీబీ చెరువు అడుగును పళ్లెంలా చదును చేసేస్తే చేపకు దాగే చోటు ఉండదు. ఒండ్రును పొలాలకు తోలుకోవడం మంచిదే, కానీ అంచున ఉన్న తుంగను, గడ్డిని కొంత భాగం అలాగే వదలమని, లోతును ఒకేచోట ఎక్కువగా తీయమని కాంట్రాక్టరుకు ముందే చెప్పాలి.

ఇక అసలైన కీలక సమయం తొలి వానలు. ఎగువ చెరువు మత్తడి (నిండిన నీరు పొర్లిపోయే అలుగు) దూకి వాగు పారగానే, ఆ నీటి చప్పుడుకు చేపలు ఎదురెక్కుతాయి. మోకాలి లోతు నీటిలో పరక గుంపు వెండి తునకల్లా మెరుస్తూ రాళ్ల మీదికి ఎగురుతుంటే ఊరంతా బుట్టలు, దోమతెరలు పట్టుకొని మత్తడి దగ్గరికి పరుగెత్తడం మనందరికీ తెలిసిన దృశ్యమే. ఆ చేపలలో ఎన్నో గుడ్లతో నిండి ఉంటాయి, ఆ రోజు పట్టిన ఒక్క బుట్ట ఆ ఏడాది పుట్టవలసిన వేల పిల్లలతో సమానం. కాబట్టి వాగు మొదటిసారి పారినప్పటి నుంచి కనీసం రెండు వారాలు మత్తడి దగ్గర, కాలువ మొదట్లో ఏ వలా అడ్డుగా కట్టకుండా సంఘం సభ్యులు వంతులవారీగా కాపలా ఉండాలి. జూలై, ఆగస్టు నెలల్లో చెరువంతటా వేట ఆపగలిగితే ఇంకా మేలు. మనవి ఒకదాని నీరు మరొకదానిలోకి పారే గొలుసుకట్టు చెరువులు కనుక ఎగువ ఊరివారితో, దిగువ ఊరివారితో కూర్చొని మాట్లాడుకోకపోతే ఒక్క ఊరి కట్టడి పనికిరాదు. వాగులో చెక్‌డ్యామ్ ఉంటే, దాని పక్కన రాళ్లను మెట్లు మెట్లుగా పేర్చి చేప ఎక్కడానికి వాలు దారి ఇవ్వడం గురించి ఇంజినీర్లను అడగాలి.

తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమట్టకు ప్రత్యేకమైన శ్రద్ధ కావాలి. వానకాలంలో తుంగ మధ్య నీటి పైపొర కాస్త కదులుతూ కనిపిస్తే దగ్గరికి వెళ్లి చూడండి: ఎర్రటి సన్నని పిల్లలు వందల కొద్దీ ఒకే ముద్దగా తేలుతూ, మునుగుతూ ఉంటాయి. వాటి అడుగున తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఆ ఎర్ర గుంపును గుర్తు పెట్టుకొని గాలం వేస్తే పెద్ద చేప సులువుగా దొరుకుతుంది, అందుకే చాలామంది అలా చేస్తారు. కాపలా పోయిన మరుక్షణం మిగతా చేపలు ఆ పిల్లలను తినేస్తాయి. ఎర్ర పిల్లలు కనిపించిన చోట గాలం వేయకూడదన్న ఒక్క నియమం ఊళ్లోని పిల్లలకు నేర్పినా చాలు.

పంపిణీ చేప పిల్లలు వచ్చిన రోజు తొందరపడి లారీ పంపించేయవద్దు. ఒక కప్పులోని పిల్లలను లెక్కపెట్టి, ఆ లెక్కన కప్పులను కొలిచి తీసుకోవాలి. ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్లు, ఏడాదంతా నీరుండే చెరువులకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు రావాలి. సంచులను పావుగంట నుంచి ఇరవై నిమిషాలు చెరువు నీటిపై తేలనిచ్చి, కొద్దికొద్దిగా చెరువు నీరు కలిపి, పిల్లలు వాటంతట అవే ఈదుకొని బయటికి వచ్చేలా వంచాలి. మార్పు పిల్లలని చెప్పి ఎవరైనా బయటి వ్యాపారి అమ్మజూపితే తీసుకోవద్దు, ఎందుకంటే అవి మన దేశంలో 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు కావచ్చు. ఒకసారి చెరువులో చేరితే అవి నాటు చేపలను మింగి, వరదతో కింది చెరువులకు కూడా పోతాయి.

నీటి విషయానికి వస్తే, తెల్లవారుజామున కట్ట మీద నడవడమే మంచి పరీక్ష. చేపలు నోళ్లు తెరుచుకొని పైకి తేలుతుంటే నీటిలో ఆక్సిజన్ తగ్గిందని అర్థం. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండాలి, 3కు తగ్గితే ప్రమాదం. వెంటనే పేడ, కోళ్ల ఎరువు వేయడం ఆపి, వీలైతే కాలువ నీరు వదలాలి. పత్తి చేలలో మందు కొట్టిన పంపులను చెరువులో కడగనివ్వకూడదు. గుర్రపుడెక్కకు గడ్డిమందు కొట్టకుండా పూత రాకముందే చేతితో తీయించి, కట్టకు దూరంగా ఎరువు గుంతలో వేయాలి. జిలెటిన్‌తో, విషంతో చేపలు పట్టడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నేరంగా చెబుతోంది, కాబట్టి పట్టుబడినవారు మనవాళ్లైనా ఫిర్యాదుకు వెనకాడవద్దు.

చివరిగా, ప్రతి పట్టులోనూ ఏ జాతి ఎంత పడిందో సంఘం పుస్తకంలో రాయాలి. బొచ్చె, రవ్వల తూకం ఎలాగూ వ్యాపారి రాస్తాడు, జెల్ల, పరక, మార్పులను మనమే రాసుకోవాలి. వరుసగా రెండేళ్లు ఒక జాతి పేరు పుస్తకంలో కనబడకపోతే, ఎగువ చెరువు సంఘాన్ని అడిగి పదో పదిహేనో తల్లి చేపలను తడి గోనె కప్పిన డ్రమ్ములో, ఎండ తగ్గాక తెచ్చి, తొలకరి నీరు చేరగానే తుంగ ఉన్న అంచున వదలండి.