కోడిగుడ్డు, ఊక బకెట్, హెల్మెట్: దెబ్బ తీవ్రతను లెక్కగట్టే పద్ధతి

ఢీకొన్నప్పుడు దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో తెలియాలంటే ఎంత వేగంలో ఉన్నామో తెలిస్తే చాలదు. ఆ వేగం ఎంత సేపట్లో, ఎంత దూరంలో సున్నా అయిందో కూడా తెలియాలి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం. ఆగేటప్పుడు అదంతా పోవాల్సిందే, అందులో బేరం లేదు. పోవడానికి పట్టిన సమయంతో దాన్ని భాగిస్తే సగటు బలం వస్తుంది. సమయం పదింతలైతే బలం పదో వంతు. మన చేతిలో ఉన్నది ఈ సమయం ఒక్కటే. ఆగే దూరం పెరిగితే ఈ సమయమూ పెరుగుతుంది, అందుకే కింద దూరాన్ని కొలుస్తాం.

దీన్ని కళ్లతో చూడటానికి ఒక బకెట్, వరి ఊక, మూడు నాలుగు గుడ్లు, మీటరు టేపు చాలు.

1. బకెట్‌లో 15 సెంటీమీటర్ల లోతు ఊక పోయండి. అదమకండి, పైభాగం మాత్రం చదును చేయండి.
2. గుడ్డు వెడల్పాటి కొన నుంచి పైకి సెంటీమీటరుకొక గీత చొప్పున పెన్నుతో గీయండి. పగిలినా చెదరకుండా పల్చటి పాలిథిన్ కవర్లో బిగుతుగా చుట్టండి.
3. వెడల్పాటి కొన కిందికి ఉండేలా, ఊక పైనుంచి సరిగ్గా ఒక మీటరు ఎత్తులో రెండు వేళ్లతో పట్టుకుని వదలండి. విసరకూడదు.
4. ఎన్నో గీత దాకా దిగిందో చూడండి. అదే ఆగిన దూరం. గుడ్డు పక్కకు తిరిగి పడితే ఆ కొలత లెక్కలోకి తీసుకోకండి.

లెక్కకు సులువైన సూత్రం ఉంది: ఎత్తును ఆగిన దూరంతో భాగించి ఒకటి కలపండి. సగటు బలం గుడ్డు బరువుకు అన్ని రెట్లు. బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు, 50 గ్రాముల గుడ్డు బరువు సుమారు అర న్యూటన్. 4 సెంటీమీటర్లు దిగి ఆగిందనుకుందాం: 100ని 4తో భాగిస్తే 25, ఒకటి కలిపితే 26 రెట్లు, అంటే 13 న్యూటన్లు. అదే గచ్చు మీద పడి మిల్లీమీటరు దూరంలో ఆగాల్సి వస్తే 1,001 రెట్లు, అంటే 500 న్యూటన్లు. పెంకు అంత తట్టుకోలేదు. రెండు చోట్లా ఎత్తు ఒకటే, గుడ్డు ఒకటే, నేలను తాకే వేగం కూడా ఒకటే, సెకనుకు 4.4 మీటర్లు.

ఇప్పుడు ఊకను 2 సెంటీమీటర్లకు తగ్గించి మళ్లీ వదలండి. చాలాసార్లు గుడ్డు ఊకను దాటి బకెట్ అడుగును కొడుతుంది. పైన ఎంత మెత్తగా ఉన్నా లోతు చాలకపోతే చివరి దెబ్బ గట్టి నేల నుంచే తగులుతుంది. తర్వాత ఊకను పిడికిలితో బాగా అదిమి చూడండి. ఒకసారి నొక్కుకుపోయిన చోట రెండోసారి దిగే దూరం తగ్గుతుంది. హెల్మెట్ కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి ఈ రెండే.

హెల్మెట్‌లో తలను కాపాడేది లోపలి స్పాంజి కాదు, దాని వెనక ఉన్న థర్మోకోల్. స్పాంజి సౌకర్యానికి, తల కదలకుండా పట్టుకోవడానికి. థర్మోకోల్ నలుగుతూ తలకు ఆగే దూరం ఇస్తుంది. రబ్బరులా ఎగదన్నదు. ఎగదన్నితే తల వెనక్కి కూడా వేగం పుంజుకోవాలి కాబట్టి ద్రవ్యవేగంలో మార్పు ఇంకా పెరుగుతుంది. 5 కిలోల తల ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి సిమెంటు రోడ్డుకు తగిలి 3 మిల్లీమీటర్లలో ఆగితే సగటు బలం దాదాపు 24,500 న్యూటన్లు. థర్మోకోల్ 25 మిల్లీమీటర్లు నలిగితే దాదాపు 3,000. నిలబడిన చోట పడిపోతేనే ఇంత, బండి వేగం ఇందులో కలపలేదు.

కొనేటప్పుడు స్పాంజిని కాస్త పక్కకు లాగి చూడండి. కింద గట్టి థర్మోకోల్ లేకుండా స్పాంజి మాత్రమే ఉంటే అది ఉత్త టోపీ. ఐఎస్ఐ గుర్తు, హెల్మెట్ల ప్రమాణమైన ఐఎస్ 4151 అనే సంఖ్య, లైసెన్స్ నంబరు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ లేని హెల్మెట్ అమ్మకూడదు. ఆ లైసెన్స్ నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు.

సైజు కోసం కనుబొమల పైన టేపు చుట్టి కొలవండి. పెట్టుకున్నాక తల అడ్డంగా ఊపితే హెల్మెట్ నుదుటి చర్మాన్ని కూడా తీసుకుని కదలాలి. స్ట్రాప్ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తండి. ఊడి వచ్చిందంటే ప్రమాదంలో తల నేలకు తగిలేలోపే హెల్మెట్ ఎగిరిపోతుంది. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి. లోపల థర్మోకోల్ అప్పటికే నలిగి ఉంటుంది. పెట్రోలు, థిన్నర్లతో తుడవకండి, థర్మోకోల్ కరిగిపోతుంది.

కారులో ఆగే దూరాన్ని ముందు భాగం నలిగి ఇస్తుంది, కానీ బెల్టు పెట్టుకున్నవాళ్లకే. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. 60 కిలోల మనిషి ద్రవ్యవేగం 900. బెల్టుతో, కారుతో పాటే 60 సెంటీమీటర్లలో ఆగితే, ఆగేటప్పుడు సగటు వేగం అందులో సగం, 7.5 మీటర్లే కాబట్టి, పట్టే సమయం 0.08 సెకను, బలం 11,250 న్యూటన్లు. బెల్టు లేకుండా డాష్‌బోర్డు మీద 5 సెంటీమీటర్లలో ఆగితే 1,35,000. బెల్టు వదులుగా ఉన్నా నష్టమే: కారు నలగడం మొదలైనా ఒళ్లు ఇంకా పాత వేగంతోనే ముందుకు పోతుంటుంది, ఆగడానికి మిగిలే దూరం తగ్గిపోతుంది. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, పై పట్టీ భుజం మధ్యలో ఉండాలి.

పసిబిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని గట్టిగా పట్టుకుంటే చాలనుకునేవాళ్లు ఈ లెక్క కూడా వేసి చూడాలి. 10 కిలోల బిడ్డ, అదే 15 మీటర్ల వేగం, అదే 0.08 సెకను: 150ని 0.08తో భాగిస్తే 1,875 న్యూటన్లు. అంటే ఆ క్షణంలో 190 కిలోల బరువును చేతులతో ఆపినట్టు. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. బిడ్డ వయసుకు, బరువుకు తగిన చైల్డ్ సీటు కొని, వెనక సీట్లో బిగించండి. బిగించాక కింద పట్టుకుని గుంజి చూడండి, రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు.