సర్వర్ మార్చే ముందు 13568 లోపాన్ని సరిచేయడం

చీమకుర్తిలోని ఒక గ్రానైట్ కార్యాలయంలో స్మాల్ బిజినెస్ సర్వర్ 2003ను మార్చబోతుండగా, ఈవెంట్ వ్యూయర్‌లోని ఫైల్ రెప్లికేషన్ (సర్వర్ల మధ్య ఫైళ్ల నకలు) లాగ్‌లో ఎర్ర గుర్తుతో 13568 కనిపించింది. డిస్క్‌లో ఫైళ్ల మార్పులను రాసుకునే జర్నల్ చుట్టు తిరిగిపోయి (పాత నమోదులు చదవకముందే చెరిగిపోయి), గ్రూప్ పాలసీలు, లాగాన్ స్క్రిప్టులు ఉండే సిస్‌వాల్ ఫోల్డర్ రెప్లికేషన్ ఆగిపోయిందని దీని అర్థం. ఇలాగే వదిలేస్తే గ్రూప్ పాలసీలు, లాగాన్ స్క్రిప్టులు కొత్త సర్వర్‌కు చేరవు.

ముందుగా సిస్టమ్ స్టేట్‌ను (రిజిస్ట్రీ వంటి విండోస్ కీలక భాగాలను), సిస్‌వాల్‌ను బ్యాకప్ తీసుకోండి. ఈ పనిలో తొందర ఎంతమాత్రం పనికిరాదు. తరువాత ఈ రెప్లికేషన్‌ను నడిపే ఎన్‌టీఎఫ్‌ఆర్‌ఎస్ సర్వీసును ఆపి, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల భాండారంలో) దాని పారామీటర్స్ కింద, బ్యాకప్/రీస్టోర్ లోపలి ప్రాసెస్ ఎట్ స్టార్టప్ కీలో బర్‌ఫ్లాగ్స్ విలువను హెక్సాడెసిమల్‌లో డీ4గా మార్చండి. డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్ ఖాతాలను, లాగాన్‌లను చూసుకునే సర్వర్) ఒక్కటే ఉన్నచోట ఇది సరైన పద్ధతి; డీ4 అంటే ఈ సర్వర్‌లోని సిస్‌వాల్‌నే అసలు ప్రతిగా తీసుకోవడం. సవ్యంగా నడుస్తున్న మరొకటి ఉంటే, దెబ్బతిన్నదానిలో డీ2 పెట్టాలి; అప్పుడది మంచి సర్వర్ నుంచి ప్రతిని తెచ్చుకుంటుంది.

సర్వీసును తిరిగి ప్రారంభించి, లాగ్‌లో సిస్‌వాల్ సిద్ధమైందని తెలిపే 13516 నమోదయ్యాక, షేర్ చేసిన ఫోల్డర్లను చూపే నెట్ షేర్ ఆదేశంలో సిస్‌వాల్, నెట్‌లాగాన్ (లాగాన్ స్క్రిప్టుల ఫోల్డర్) రెండూ కనిపిస్తేనే మైగ్రేషన్ మొదలుపెట్టండి.