పాత అమెరికన్ గేమ్ షో టేపుల్లో సౌండ్ క్లీన్ చేయడం ఎలా?

ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) టేపులు ప్లే చేసే వీసీఆర్, టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు, సౌండ్ ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్, వైరున్న హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు. బ్లూటూత్‌వి వద్దు, అంతే. వేవ్ (.wav) ఫైల్‌గానే రికార్డ్ చేయండి, ఒరిజినల్ కాపీ ఒకటి ముట్టుకోకుండా పక్కన పెట్టండి.

ముందు హమ్ సంగతి, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత. అది 60 హెర్ట్జ్ దగ్గరుంటే అమెరికా కరెంటుది, అంటే టేపులోనే ఉంది, ఒక్క ఫ్రీక్వెన్సీనే తీసేసే నాచ్ ఫిల్టర్‌తో 60, 120, 180 కోసేయండి. 50 దగ్గరుంటే మాత్రం మన ఇంటి కరెంటుది, ఫిల్టర్ జోలికెళ్లకుండా వైర్లు సరిచేసి మళ్లీ రికార్డ్ చేసుకోండి.

తర్వాత వీడియో చూసి మైకేంటో కనిపెట్టండి. 70ల మ్యాచ్ గేమ్ షోలో యాంకర్ జీన్ రేబర్న్ చేతిలో సన్నగా పొడుగ్గా ఉండేది సోనీ ఈసీఎం-51, లాగితే సాగే మైకు. ప్రైస్ ఈజ్ రైట్ షోలో యాంకర్ బాబ్ బార్కర్‌దీ సన్నదే, వైరుదే. ఇలాంటి మైకు యాంకర్ నోటికీ ఆడేవాళ్ల నోటికీ మధ్య తిరుగుతుంటుంది కాబట్టి సౌండ్ పెరిగి తగ్గుతుంది, దాన్ని ఆడాసిటీలో సౌండ్ ఎక్కడికక్కడ పెంచి తగ్గించే ఎన్వలప్ టూల్‌తో చేత్తోనే సరిచేయాలి, సౌండ్‌ని దానంతటదే సమం చేసే కంప్రెసర్ వేస్తే మధ్యలో బుస్సుమంటుంది. మెడలోనో టై మీదో మైకుంటే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, 700-800 హెర్ట్జ్ దగ్గర ఓ మూడు డీబీ తగ్గించండి.

ఇప్పుడు నాయిస్ రిడక్షన్, అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఏది తీసేయాలో సాఫ్ట్‌వేర్‌కి చూపించే శాంపిల్‌గా టేపు హిస్ (టేపులో వచ్చే స్‌స్ అనే చప్పుడు) ఒక్కటే కావాలి, కానీ గేమ్ షోలో ఎవరూ నోరు మూసుకోరు కదా, అందుకని జనాలు ప్రేక్షకుల గుసగుసలున్న ముక్క ఇచ్చేస్తారు. చప్పట్లు కూడా సాఫ్ట్‌వేర్‌కి హిస్ లాగే కనిపిస్తాయి, అది గుసగుసల్ని కూడా చెత్తే అనుకుని చప్పట్లన్నిటినీ బుడగల చప్పుడు చేసి పెడుతుంది.

యాడ్స్ ముందు తెర నల్లబడే అర సెకను వెతకండి, స్టూడియో మైకులు అప్పటికి కట్టయి ఉంటాయి, మిగిలేది హిస్సే. దొరక్కపోతే ఈ స్టెప్ మానేయండి, నిజంగా, హిస్ ఉంటే కొంపేం మునగదు. దొరికితే 6 డీబీ తగ్గించండి, మహా అయితే 8, 12 అస్సలొద్దు. అప్లై చేసేముందు, తీసేసే సౌండ్‌ని మాత్రమే వినిపించే రెసిడ్యూ నొక్కి ఏం పోతోందో వినండి, అందులో ఒక్క 'స' గానీ ఒక్క చప్పట గానీ వినిపిస్తే ఇంకా తగ్గించండి. టేపు మారితే శాంపిల్ మార్చాల్సిందే.

ఒక్క క్లిక్కుతో చేసే ఏఐ టూల్స్ ఉన్నాయిగా అంటారు. అవి గొంతు తప్ప అన్నీ తీసేస్తాయి, నవ్వే జనం లేని మ్యాచ్ గేమ్ ఎవరిక్కావాలి?

చివర్లో మోనోగానే (ఒకే చానల్ సౌండ్‌గానే) సేవ్ చేయండి, ఆ షోలు మోనోవే, ఫేక్ స్టీరియో చేయకండి.