రిపోర్ట్‌లో ఐజీజీ4 అని వచ్చిందా? కంగారు పడేముందు ఇది చదవండి

మా పెదనాన్నకి ఉన్నది ఐజీజీ4 జబ్బని తేలడానికి మూడేళ్ళు పట్టింది. డాక్టర్లకి తెలీక కాదు, ఒక్కొక్కళ్ళూ వాళ్ళవాళ్ళ అవయవం వరకే చూశారు అంతే. దవడ కింద గడ్డలొస్తే ఈఎన్‌టీ, కళ్ళు ఉబ్బితే కంటాసుపత్రి, కామెర్లొస్తే గ్యాస్ట్రో, ఇంట్లో మేమేమో రిటైరయ్యాక ఒళ్ళు చేశాడు బుగ్గలొచ్చాయి అని నవ్వుకున్నాం. ఆఖరికి ఒకచోట స్కాన్ చూసి పాంక్రియాస్‌లో (క్లోమంలో) గడ్డుంది, క్యాన్సరే అయ్యుంటది, ఆపరేషన్‌కి డబ్బులు చూసుకోండి అన్నారు. తీరా చూస్తే అది ఐజీజీ4 రిలేటెడ్ డిసీజ్.

ముందు జబ్బేంటో చెప్తా. మన రక్తంలో ఉండే యాంటీబాడీల్లో ఐజీజీ అని ఒక రకం, అందులో మళ్ళీ నాలుగు రకాలు, నాలుగోది మామూలుగా అన్నిట్లోకి తక్కువ ఉంటది. ఈ జబ్బులో ఆ నాలుగో రకాన్ని తయారుచేసే కణాలు ఏదో ఒక అవయవంలో గుంపుగా చేరిపోతాయి, దాంతో అది ఉబ్బి అచ్చం గడ్డలా కనిపిస్తది, అలాగే వదిలేస్తే లోపల పీచు కట్టి గట్టిపడిపోద్ది, పీచు కట్టాక ఏ మందైనా పెద్దగా పనిచెయ్యదు. అంటుకునేది కాదు, క్యాన్సరూ కాదు.

2001లో జపాన్ డాక్టర్లు ఒక రకం పాంక్రియాస్ వాపు ఉన్నవాళ్ళ రక్తంలో ఐజీజీ4 బాగా పెరిగిందని గమనించారు, 2003లో మిగతా అవయవాల్లో కూడా అవే కణాలు కనిపించేసరికి ఇదంతా ఒకటే జబ్బు అన్నారు. అంతకుముందు మికులిజ్, కట్నర్, రీడెల్ అని ఒక్కో అవయవానికి ఒక్కో పేరుండేది, మీ పాత కాగితాల్లో ఆ పేర్లుంటే డాక్టర్‌కి తప్పకుండా చూపించండి.

ఎక్కడెక్కడ వస్తదంటే పాంక్రియాస్, పైత్యం నాళాలు, లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, కిడ్నీలు, ఊపిరితిత్తులు, థైరాయిడ్, పెద్ద రక్తనాళం చుట్టూ, ఆఖరికి మెదడు పొరల్లో కూడా. ఎక్కువగా 50 దాటిన మగాళ్ళలో చూస్తారు, కళ్ళు బుగ్గల రకం మాత్రం ఆడవాళ్ళలో కూడా బాగానే కనిపిస్తది. నొప్పి పెద్దగా ఉండదు, అదే అసలు చిక్కు. జ్వరం బాగా కాస్తుంటే మాత్రం టీబీ, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) లాంటివి ముందు చూడాలి.

ఇప్పుడు రిపోర్టులు. రక్తంలో ఐజీజీ4 డెసీలీటర్‌కి 135 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. కానీ ఈ ఒక్క నంబర్ పట్టుకుని ఏడవకండి, సంబరపడకండి కూడా, ఎందుకంటే జబ్బున్నా నార్మల్ వచ్చేవాళ్ళున్నారు, వేరే జబ్బుల్లోనూ పెరుగుద్ది. ఇంకో తమాషా ఏంటంటే మరీ ఎక్కువగా ఉంటే మెషీన్ తికమకపడి తక్కువ చూపిస్తది ఒక్కోసారి, లక్షణాలకీ నంబర్‌కీ పొంతన లేకపోతే శాంపిల్ డైల్యూట్ చేసి మళ్ళీ చెయ్యమని అడగొచ్చు. ఒంట్లో వాపుందా అని చూసే సీఆర్‌పీ టెస్ట్ నార్మల్ వచ్చిందని ఏమీ లేదనుకోకండి, ఇందులో చాలామందికి అది పెరగదు.

అసలు సాక్ష్యం బయాప్సీ. సన్న సూదితో తీసే ఎఫ్ఎన్ఏసీ సరిపోదు, ముక్క కావాలి, ఎందుకంటే కణాలొక్కటే కాదు అవి అమరిన తీరు చూడాలి: పీచు చాప అల్లినట్టు ఉందా, చిన్న సిరలు మూసుకుపోయాయా, ఐజీజీ కణాల్లో ఐజీజీ4వి 40 శాతం దాటాయా అని. మా విషయంలో ఇక్కడే కథ తిరిగింది. మూడేళ్ళ కింద దవడ గ్రంథి తీసినప్పటి ముక్క మైనం బ్లాక్‌లో ఆ ల్యాబ్‌లోనే భద్రంగా ఉంది. రుమటాలజిస్ట్ (కీళ్ళ జబ్బులు, ఇలాంటి ఇమ్యూనిటీ జబ్బులు చూసే డాక్టర్) అడిగితే మా అన్నయ్య వెళ్ళి తెచ్చాడు, అగ్గిపెట్టెలో సగం కూడా లేదు, దానికే కొత్తగా స్టెయిన్ వేస్తే బయటపడిపోయింది. కాబట్టి పాత బ్లాకులు అడగండి, ల్యాబులు కొన్నేళ్ళు దాచిపెడతాయి.

ఇంకోటి, ఇది గట్టిగా చెప్తున్నా, బయాప్సీ అవ్వకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టనివ్వకండి, మరీ ప్రాణం మీదకొస్తే తప్ప. స్టెరాయిడ్‌కి లింఫోమా కూడా కొన్నాళ్ళు కరుగుద్ది, గడ్డ తగ్గింది కదా అని మోసపోతాం.

ట్రీట్‌మెంట్ సాధారణంగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోజుకి 30 నుంచి 40 మిల్లీగ్రాములు కొన్ని వారాలు, తర్వాత నెలలపాటు మెల్లగా తగ్గిస్తారు. పెదనాన్నకి పది రోజుల్లో కనురెప్పలు దిగాయి, పెద్దమ్మ పొద్దున్నే కాఫీ ఇస్తూ "ఏంటండీ మీ పాత మొహం వచ్చేసింది" అంది. కానీ షుగర్ 300 దాటింది, ఆ సంగతి మాకెవరూ ముందు చెప్పలేదు, గ్లూకోమీటర్ మొదటిరోజే కొనుక్కోండి. టీబీ, హెపటైటిస్ బి టెస్టులు మందు మొదలుపెట్టేముందే చేయించండి, లోపల నిద్రపోతున్నవి లేస్తాయి. బాగుంది కదా అని సొంతంగా మందు ఆపెయ్యకండి, స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రమాదం.

మళ్ళీ తిరగబెట్టడం మాత్రం మామూలే. అప్పుడు కొంతమందికి రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, ఎక్కువగా ఒక గ్రాము, పదిహేను రోజులకి ఇంకో గ్రాము. 2025 ఏప్రిల్‌లో ఇనెబిలిజుమాబ్ అనే మందుకి అమెరికా ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా ఈ జబ్బుకే అనుమతిచ్చింది, ఈ జబ్బు పేరు మీద అక్కడ వచ్చిన మొదటి మందు అదే.

డాక్టర్ దగ్గరికెళ్ళేటప్పుడు ఒక్క కాగితం మీద ఏ సంవత్సరం ఏ అవయవం, ఏ టెస్ట్, ఏ మందు అని వరసగా రాసుకెళ్ళండి, ఐదారు ఫైళ్ళు మోసుకెళ్తే ఎవరూ తిప్పిచూడరు. కిడ్నీ ఎలా ఉంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎన్నాళ్ళకోసారి చూడాలి, మూత్రనాళం నొక్కుకుపోయిందేమో స్కాన్ కావాలా, ఈ మూడూ అడగండి. పాత ఫోటోలు కూడా తీసుకెళ్ళండి. మా అక్క పెళ్ళి ఆల్బమ్‌లో అప్పగింతల ఫోటో ఉంది, అందులో పెదనాన్నకి ఏడ్చి కళ్ళు ఉబ్బాయనుకున్నాం అందరం, రుమటాలజిస్ట్ అది చూసి పొద్దున స్నాతకం నాటి ఫోటో ఉంటే చూపించండి అన్నారు, అందులోనూ అలాగే ఉన్నాయి.