పేరు తెలిసినా సరే, చెయ్యి పెట్టొద్దు: వానాకాలం నేచర్ వాక్‌లకు జాగ్రత్తలు

మృగశిర కార్తె వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఈసారి వాక్ ఎప్పుడు? పిల్లల్ని తీసుకురావచ్చా?" అని. సంతోషమే. కానీ పోయినేడు శ్రావణంలో జరిగింది చెప్పకుండా ఈ ఏడు ఎవరినీ నా వెంట రమ్మనలేను.

ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. మాతో అది మూడో నడక. చూసిన ప్రతి పిట్టనూ నోటుబుక్కులో రాసుకునేవాడు. బండ పక్కన చుట్ట చుట్టుకున్న పొట్టి, లావుపాటి పామును చూసి "కొండచిలువ పిల్ల" అన్నాడు. ముందు నడుస్తున్న నేను వెనక్కి తిరిగేలోపే తోక పట్టి ఎత్తాడు. అది రక్తపింజర. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లింది. బతికాడు. కుడిచేతి చూపుడువేలు సగం పోయింది.

అదే అతని మొదటి నడక అయ్యుంటే ఆ పామును ముట్టేవాడు కాదు. భయపడి నన్ను కేకేసేవాడు. మూడు నడకల్లో నేను నేర్పిన అరకొర తెలివే అతని చేత ఆ తోక పట్టించింది. తెలియని పామును ఎవరూ ముట్టరు. తెలిసిందనుకున్న పామునే ముట్టుకుంటారు. ఇన్నేళ్లలో నేను చూసిన ప్రమాదాలన్నీ ఈ దారినే వచ్చాయి.

నీళ్ల సీసా, టోపీ, రెయిన్‌కోటు సంగతి మీకు తెలుసు. వాటి గురించి రాయను.

బయల్దేరే ముందు

అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యాల్లో జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. దాంతో అందరూ అనంతగిరి కొండలకో, అమీన్‌పూర్ చెరువుకో, ఊరి బయట గుట్టలకో వస్తారు. అక్కడ గేటు ఉండదు, అడుగడుక్కీ అటవీ సిబ్బంది ఉండరు. మీ వెంట వచ్చే గైడే మీకు దిక్కు. అందుకే డబ్బు కట్టే ముందు గైడును ఒకటే ప్రశ్న అడగండి: "పాములు పట్టుకుని చూపిస్తారా?" చూపిస్తానంటే వెళ్లొద్దు. ఎంత పేరున్నవారైనా సరే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలా పట్టుకోవడం నేరం అన్నది ఒక ఎత్తు. గైడు చేతిలో బుద్ధిగా ఉన్న పామును చూసిన పిల్లవాడు వచ్చే వారం మీ పెరట్లో చెయ్యి చాపడం ఇంకో ఎత్తు.

దగ్గర్లో ఏ ఆసుపత్రిలో పాము విషానికి విరుగుడు మందు, వెంటిలేటరు ఉన్నాయో ఫోన్ చేసి కనుక్కోండి. "ఉండే ఉంటుందిలే" అనుకోవద్దు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అందులో సగం జూన్, సెప్టెంబరు మధ్యే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి.

నడిచేటప్పుడు

మడమ పైదాకా వచ్చే బూట్లు, మందపాటి ప్యాంటు. శాండల్స్‌తో వస్తే నేను వెనక్కి పంపేస్తాను, తిట్టుకున్నా పర్లేదు. గైడు వెనకే ఒకే వరుసలో నడవండి. ఆ దారిని ఒకరు ముందే చూశారు. పక్కనున్న గడ్డిని ఎవరూ చూడలేదు.

ఆ గడ్డిలో పాములొక్కటే కాదు, ఒర లేని పాత బావులుంటాయి. వానలకు పెరిగిన గడ్డి వాటి అంచును కప్పేస్తుంది. చేల గట్ల మీద అడవిపందుల కోసం కొందరు కరెంటు తీగలు పెడతారు, రాత్రిపూట. చీకటి పడ్డాక చేను దాటొద్దు. అడ్డదారి అని గైడు చెప్పినా దాటొద్దు.

ఇప్పుడు నాకు చెప్పడం కష్టమైన మాట. ఆరుద్ర పురుగు. ఎర్రటి ముఖమల్ ముక్కలా తడిమట్టి మీద నడిచే ఆ పురుగును అరచేతిలో పెట్టుకోకుండా పెరిగిన పల్లెటూరి పిల్లలుండరు. నేనూ పెట్టుకున్నాను. అది ఏమీ చేయదు. అయినా నడకలో పిల్లల్ని ముట్టనివ్వడం మానేశాను. ఎందుకంటే ఒక పాప ఆరుద్రను వదిలేసి, మరో రాయి ఎత్తి, దాని కిందున్న ఎర్రతేలు మీదికి అదే చెయ్యి చాపింది. వాళ్లమ్మ రెక్క పట్టి లాగింది కాబట్టి సరిపోయింది. ఎర్రతేలు విషం చిన్నపిల్లల గుండెకే ఎసరు పెడుతుంది. చెయ్యి ఒకసారి అలవాటు పడితే ఏది మంచిది, ఏది చెడ్డది అని ఆగి ఆలోచించదు. వంగి చూడండి, భూతద్దంలో చూడండి, ఎంతసేపైనా చూడండి. చెయ్యి వెనక ఉండాలి.

రక్తపింజరకూ కొండచిలువకూ తేడాలేమిటి, కట్లపాముకూ దానిలా చారలుండే విషం లేని పాముకూ తేడాలేమిటి అని అడుగుతారు. ఇక్కడ రాయను. ఒకప్పుడు ఫొటోలు పెట్టి మరీ చెప్పేవాణ్ణి. చారలు మట్టిలో కనబడవు, టార్చి వెలుగులో రంగులు మారతాయి, పిల్ల పాములు పెద్దవాటిలా ఉండవు. రక్తపింజర పిల్లకు పుట్టినప్పటి నుంచే విషం ఉంటుంది. దూరం నుంచి గుర్తుపట్టడం నేర్చుకోండి, మంచిదే. పేరు తెలిసినా చెయ్యి పెట్టొద్దు.

ఇంకా

రాయి ఎత్తొద్దు. ఎండిన మొద్దు తిప్పొద్దు. పుట్ట కన్నంలో పుల్ల పెట్టొద్దు.

అతినీలలోహిత టార్చి వేస్తే తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. పిల్లలకు అది బొమ్మలా కనిపిస్తుంది. ఆ టార్చి గైడు చేతిలోనే ఉండాలి.

చచ్చిన పామును కూడా ముట్టొద్దు. తెగిన తల కూడా కాటేస్తుంది.

సెంటు పూసుకుని రావొద్దు. చెట్టుకు పెద్ద తేనెపట్టు కనబడితే చప్పుడు లేకుండా వెనక్కి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తండి, నీళ్లలో దూకొద్దు, పైనే కాచుకుని ఉంటాయి.

ఉరుము వినబడితే నడక అయిపోయినట్టే. చెట్టు కిందా వద్దు, చెరువు కట్ట మీదా వద్దు. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి.

నక్షత్ర తాబేలు కనబడితే కలిసొస్తుందని ఇంటికి తేవొద్దు. జైలుకు పోతారు.

సెల్ఫీ కోసం వరుస దాటొద్దు. పాము ఉన్నచోట అసలే వద్దు, వీపు తిప్పాల్సి వస్తుంది.

కాటు పడితే: గడియారం, ఉంగరాలు, పట్టీలు తీసేయండి. కాలో చెయ్యో కదలకుండా కట్టెతో ఆనించి కట్టండి. తాడుతో బిగించొద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. పసరు, మంత్రం అంటూ గంట పోగొట్టొద్దు. టైము రాసుకుని 108కి ఫోన్ చేయండి. పామును చంపి వెంట తేవొద్దు. మన విరుగుడు మందు నాలుగు ముఖ్యమైన విషపాములకూ కలిపి చేసిందే, డాక్టర్లు లక్షణాలు చూసి ఇస్తారు.

నొప్పి లేదు, వాపు లేదు అని ఇంటికి పోవొద్దు. కట్లపాము కాటు చాలాసార్లు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కొన్ని గంటలకు కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. "అది విషం లేని పామే, నాకు తెలుసు" అని ఎవరన్నా అంటే వినొద్దు. కాటు పడ్డ మనిషే ఆ మాట అన్నా సరే, బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి, 24 గంటలు అక్కడే ఉంచండి.

పేరు తెలిసినా చెయ్యి పెట్టొద్దు. గైడుకు తెలిసినా పెట్టొద్దు. నేను పెట్టమన్నా పెట్టొద్దు.

తిరిగి బండెక్కే ముందు బూట్లు విప్పి దులపండి. పిల్లల జేబులు చూడండి.